పెదనాయన ఎడమ చెవి

మా పెదనాయన పోయాడన్న కబురు పోయిన వారం పొద్దున్నే వచ్చింది. పంజాగుట్ట నుంచి చర్చి కాపలాదారు సైకిలు మీద వచ్చి చెప్పాడు. నేను ఏడవలేదు. "ఎవరు చూసిండ్రు? నీకెవరు చెప్పిండ్రు?" అని అడిగాను. ఏ కబురొచ్చినా ముందు ఆ రెండు ప్రశ్నలూ వేయాలని నాకు నేర్పింది ఆయనే. కాపలాదారు తల దించుకుని, "నేనే చూసిన బిడ్డా, పక్కనే ఉన్న" అన్నాడు. ఇక అనుమానానికి చోటు లేకపోయింది. అప్పుడు ఏడ్చాను.

అమీర్‌పేటలోనూ పంజాగుట్టలోనూ ఆయనను ఎరిగినవాళ్ళంతా అనుమానం మనిషి అనేవాళ్ళు. తప్పేమీ లేదు. కార్ఖానా గేటు దగ్గర వచ్చేపోయేవాళ్ళ మూటలు విప్పి చూసే కొలువు ఆయనది. ఆ కొలువు ఇంటికి కూడా వెంట వచ్చేది. వాసన చూడనిదే పాలు పొయ్యి మీద పెట్టనిచ్చేవాడు కాదు. డాక్టరు మందిస్తే, "ముందుగాల మీరు జర తాగి చూపియ్యిండ్రి" అనేవాడు. ఒకసారి మాసబ్ ట్యాంక్ పోదామని నన్ను టాంగా ఎక్కించి, గుర్రం ముఖంలోకి తేరిపార చూసి, "దిగు బిడ్డా, గిది మనసుల ఏదో వెట్టుకున్నది" అని ఎండలో నడిపించాడు. ఆ గుర్రం ఏ పాపమూ ఎరగదని నేను ఇప్పటికీ నమ్ముతాను.

మా పెద్దమ్మకు చాలా ఏళ్ళ కిందటే చెవులు మందగించాయి. ఉన్న కాస్త వినికిడినీ కాపాడుకోమని, పెద్ద చప్పుళ్ళకు దూరంగా ఉండమని డాక్టరు చెప్పాడు. ఆమెకున్న కోరిక ఒక్కటే, ఆదివారం చర్చిలో పాస్టరు అయ్యగారి ప్రసంగం తన చెవులతో వినాలి. మా చర్చిలో ఆడవాళ్ళు ఎడమవైపు, మగవాళ్ళు కుడివైపు చాపల మీద కూర్చుంటారు, మధ్యలో నడిచే దారి. పక్కన కూర్చుని చెప్పే వీలు లేదు కాబట్టి పెదనాయన ఇంటికొచ్చాక ఆమె చెవి దగ్గర ప్రసంగమంతా అప్పజెప్పేవాడు. మధ్యమధ్య "అయ్యగారు గిట్లన్నడు గని, నాకెందుకో నమ్మబుద్ధి కాలే" అని తన ముక్క కలిపేవాడు. "అయ్యగారి మాట చెప్పు, నీ సంగతి నేనడిగిన్నా?" అని పెద్దమ్మ కసిరేది.

ప్రపంచ యుద్ధం అయిపోయాక పటాలం వాళ్ళు వదిలించుకున్న సామానులోంచి మా చర్చికి ఒక మైకు, ఒక ఆంప్లిఫయరు, మాట దూరం వినిపించే రెండు హారన్లు, ఒక హెడ్‌ఫోను వచ్చాయి. హారన్లో మాటలు పెద్దమ్మకు ఒకటే హోరుగా వినిపించేవి. చర్చిలో కోతకాలం పండుగ నాడు, హారన్లు బిగించడానికి పట్నం నుంచి వచ్చినతను సంగతి విని తేలిగ్గా నవ్వాడు.

"గింతేనా? ఒక హారన్ తీగలు ఊడదీసి, గాడ్నే హెడ్‌ఫోన్ తీగలు బిగిస్తే ఐపోయె. అమ్మ చెవిలనే మాట్లాడినట్టుంటది. ఫికర్ జెయ్యకుండ్రి."

పెద్దమ్మ అప్పటికే చేయి చాచింది. పెదనాయన అడ్డం వచ్చాడు.

"జర ఆగు. హారన్‌కు వొయ్యే జోరంత గిప్పుడు యాడికి వోతది?"

"తగ్గిచ్చిన భాయ్, నన్ను నమ్ము."

నన్ను నమ్ము అన్నవాణ్ణి మా పెదనాయన జన్మలో నమ్మలేదు. హెడ్‌ఫోను తీసుకుని ఒక డిప్పను తన ఎడమ చెవికి ఆనించుకున్నాడు. సరిగ్గా అప్పుడే అయ్యగారు మైకు ముందుకొచ్చి "ప్రియ సహోదరులారా" అన్నారు. పెదనాయన ఒళ్ళు జలదరించింది. హెడ్‌ఫోను కింద పడింది, ఆ డిప్పలోంచి వచ్చిన అరుపు బయట పండుగ వంట దగ్గరున్న మాకు కూడా వినబడింది. ఆయన గోడ పట్టుకుని నిలదొక్కుకుని, "బాగలేదు, తీసెయ్" అని మాత్రం అన్నాడు.

మగవాళ్ళు నవ్వారు. ఆనాడు ఆయన చెవికేమైనా అయిందేమో అని ఎవరికీ తోచలేదు. తన ఆశ మీద నీళ్ళు పోశాడని పెద్దమ్మ చాలా రోజులు ఆయనకు అన్నం పళ్ళెంతో పాటు మౌనం కూడా వడ్డించింది.

ఆయన మాత్రం ఆ హెడ్‌ఫోను సంచిలో వేసుకుని రేడియోలు బాగుచేసే షాపుల చుట్టూ తిరిగాడు. పదిమందిని అడిగి, పదిమందినీ అనుమానించి, చివరికి ఒక చిన్న చెక్కపెట్టె చేయించాడు. హారన్‌కు పోయే జోరునంతా ఆ పెట్టెలో ఆపి, హెడ్‌ఫోనుకు చిటికెడే వదిలే ఏర్పాటు అది. మోటబావి ధారను చెంబులోకి పట్టాలంటే నేరుగా పడతామా మీరు చెప్పండి!

అప్పటి నుంచి ప్రతి ఆదివారం అదే తంతు. ఆడవాళ్ళ వైపు దారి పక్కన పెద్దమ్మ, మగవాళ్ళ వైపు దారి పక్కన ఆయన. ఆమె హెడ్‌ఫోను అందించేది, ఆయన ఎడమ చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని, తలాడించి తిరిగి ఇచ్చేవాడు. "వాక్యం మీద సుత అనుమానమేనా?" అని ఎవరైనా ఆట పట్టిస్తే, "దేవుని మీద లేదు. తీగలు బిగించింది మనిషే గదా" అనేవాడు. ఎవరు పలకరించినా ముఖం పక్కకు తిప్పి ఓరగా చూడటం కూడా ఆ రోజుల్లోనే మొదలైంది. అనుమానం ముదిరిందన్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

ఒకరోజు ఇద్దరం అమీర్‌పేట నడిచి వస్తుంటే నేను ఎంత మాట్లాడినా ఆయన పలకలేదు. కోపం వచ్చి ముందుకు వెళ్ళి నిలబడ్డాను.

"గా పక్క నుంచి చెప్పకు బిడ్డా. గా చెవి పండుగ నాడే పోయింది."

"మరి ప్రతి ఆదివారం దాంతోనే ఎట్ల పరీక్ష చేస్తవు పెదనాయనా?"

"దాంతోనే చెయ్యాలె. పోయిన చెవికి సుత వినిపిచ్చిందంటే, మీ పెద్దమ్మకు ఎక్కువైనట్టు. ఏం వినిపియ్యకుంటే సరిగున్నట్టు." కాసేపు నడిచి, "ఆమెకు చెప్పకు. తెలిస్తే ఇగ గా హెడ్‌ఫోన్ ముట్టది" అన్నాడు.

లోకంలో దేన్నీ నమ్మని మనిషి నన్ను నమ్మాడు. అంతకంటే పెద్ద బహుమానం నాకెవరూ ఇవ్వలేదు.

ఆయనను సమాధి చేసి వచ్చిన సాయంత్రం, ఇంకా దాచడం అన్యాయమనిపించి, పెద్దమ్మ చెవి దగ్గర నోరు పెట్టి చెప్పేశాను. ఆమె నా వంక వింతగా చూసింది.

"నాకెరుక లేదా బిడ్డా? గా పండుగ సంది ఇంట్ల నేను ఆయన కుడిపక్కకే గదా కూసునేది. నాకెరుకని తెలిస్తే బాధపడతడని ఊకున్న."

నిన్న ఆదివారం పెద్దమ్మ చర్చికి వచ్చింది. దారి పక్కన తన చోట్లో కూర్చుని, హెడ్‌ఫోను తీసి, అలవాటుగా దారికి అడ్డంగా చేయి చాచింది. అవతల చాప ఖాళీగా ఉంది. లేచి నేనే అందుకుందామనుకున్నాను గానీ, ఆ పరీక్షకు పనికొచ్చే చెవి మాలో ఎవరికీ లేదు. అయ్యగారు ప్రసంగం మొదలుపెట్టారు. పెద్దమ్మ చేయి అలాగే చాచి ఉంది.