పెద్దమ్మ హస్తవాసి

మా పెద్దమ్మకి కోపం ముక్కు మీదే ఉండేది. అయితే అందరికీ వచ్చే చోట వచ్చేది కాదు. జీతం ఆలస్యమైతే నవ్వి ఊరుకునేది. నేను పాలు పొంగించి స్టవ్వంతా ఆగం చేస్తే "పోనీలే" అనేది. వంతెన కింది సందులో ఎవరైనా తనకి ఒక్క మాట చెప్పకుండా హెల్త్ సెంటర్‌కి వెళ్లి డాక్టరుకి చూపించుకున్నారని తెలిస్తే మాత్రం, ఆ పూట ఆమెను పలకరించాలంటే నాకు భయం వేసేది.

పెద్దమ్మంటే మా అమ్మకి అక్క. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. ఆ హెల్త్ సెంటర్‌లోనే నర్సు. ఇళ్లకు వెళ్లి రోగులను చూసి రావడం ఆమె ఉద్యోగం. పెళ్లి ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "తీరిక దొరికితే చేసుకుందామనుకున్నాను, దొరకలేదు" అనేది. అందులో అబద్ధం లేదు, కాలికి బలపం కట్టుకున్నట్టు తిరిగేది.

వంతెనకి ఇవతల, మేముండే వైపు, ఏ వీధిలో చూసినా ఒక డాక్టరు బోర్డు కనిపించేది. అవతల, వంతెన దిగువన, లాండ్రీ షెడ్లు ఉండేవి. పట్నంలోని హోటళ్ల దుప్పట్లు, ఆస్పత్రుల దుప్పట్లు అన్నీ అక్కడికే వచ్చేవి. ఆడవాళ్లు పొద్దున్నుంచి సాయంత్రం దాకా సబ్బు నీళ్లలో నిలబడి ఉతికేవారు. వాళ్లు షెడ్డు నుంచి బయటపడే వేళకి హెల్త్ సెంటర్‌కి తాళం పడిపోయేది. పోనీ ఒక పూట సెలవు పెడదామంటే, మర్నాటికి ఆ తొట్టి దగ్గర ఇంకొకరు నిలబడి ఉండేవారు. అందుకని అక్కడ ఏ జబ్బయినా ముదిరాకే డాక్టరు ముఖం చూసేది. ఇవతలి వాళ్లకి మాత్రలతో అదుపులో ఉండే షుగరే అవతలి వాళ్లకి కాలివేళ్లు ఊడబెరికేది. ఒకే పట్నం, ఒకే నీళ్లు.

పెద్దమ్మకి ఇది కంటగింపుగా ఉండేది. డ్యూటీ దిగాక, ఎవరూ చెప్పకుండానే, సంచి భుజాన వేసుకుని షెడ్లు వదిలే వేళకి సందులో ప్రత్యక్షమయ్యేది. గుమ్మాల్లో కూర్చోబెట్టి కట్లు కట్టేది, సూదులు వేసేది, వేలు గుచ్చి షుగర్ చూసేది, చూసి తిట్టేది. ఆ తిట్లు పడటం కూడా వాళ్లకి వైద్యంలో భాగమే. సందు మొత్తానికి ఆమె తలలో నాలుక. "నర్సమ్మ చెయ్యి పడితే చాలు, సగం తగ్గిపోతుంది" అనేవారు. మంచి హస్తవాసి అని సందంతా నమ్మింది. విని విని చివరికి ఆమె కూడా నమ్మేసింది.

అలకలు అక్కడే మొదలయ్యాయి. తనకి చెప్పకుండా డాక్టరు దగ్గరికి వెళ్లిన వాళ్ల గుమ్మం దాటుకుని, తల తిప్పకుండా వెళ్లిపోయేది. వాళ్లు వెనకాలే పరిగెత్తి, బతిమాలి, టీ ఇచ్చి, కుర్చీ వేసి కూర్చోబెడితే గాని మళ్లీ మాట్లాడేది కాదు. మిషన్లు బాగుచేసే మెకానిక్ ఒకసారి పంటి నొప్పితో సెంటర్‌కి వెళ్లాడు. ఆ వారమంతా అతని ఇంటి వైపు చూడలేదు పెద్దమ్మ.

"నర్సమ్మా, పన్ను పీకడం నీకు రాదు కదా!" అని మొత్తుకున్నాడు అతను.

"వస్తుందో రాదో అడిగావా నువ్వు?" అంది.

సందంతా పడీ పడీ నవ్వింది. వాళ్లకి అదొక ముచ్చట. నవ్వుతూనే, ఇంకెప్పుడూ ఆమెకి చెప్పకుండా అడుగు వెయ్యకూడదని కూడా నేర్చుకున్నారు. ఆ రెండో సంగతి మాకెవరికీ అప్పట్లో తట్టలేదు.

అందరికంటే బాగా నేర్చుకున్నది బూట్లక్క. పెద్ద తొట్టి దగ్గర పనిచేసేది. మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు పెళ్లికి వెళ్లినా విప్పదని సందులో వేళాకోళం చేసేవారు. పెద్దమ్మ కంటే చిన్నది. మనిషి భారీగా ఉండేది, నోరు అంతకంటే భారీ. షుగర్ చాలా కాలంగా ఉంది. పెద్దమ్మ ఆమె పాదాలు ఒళ్లో పెట్టుకుని వేళ్ల సందులు తుడుస్తుంటే, ఆమె సందులోని కబుర్లన్నీ ఒలకబోసేది. పెద్దమ్మ జీవితంలో స్నేహితురాలని చెప్పుకోదగ్గ మనిషి ఆవిడ ఒక్కతే.

అలాంటి రోజుల్లో ఆరోగ్య శాఖ వాళ్లు వచ్చారు. పట్నంలో వైద్యం అందరికీ సమానంగా అందడం లేదని పైన ఎవరికో తెలిసొచ్చింది. తెలియడానికి అన్నేళ్లు పట్టింది, అది వేరే సంగతి. పని దిగాక వచ్చే వాళ్ల కోసం సాయంత్రం క్లినిక్ ఒకటి పెడతామన్నారు. డాక్టరు, నర్సు, పాదాలు పరీక్ష చేసే గది, అన్నీ ఉంటాయి. అయితే ప్రస్తుతానికి ఒక్కటే. వంతెన కింద పెట్టాలా, బస్ డిపో వెనక పెట్టాలా అని సెంటర్ హాల్లో మీటింగు పెట్టారు. రెండు పేటల వాళ్లూ వచ్చారు.

వచ్చిన అధికారిణి మంచావిడే. కాగితం చూడకుండా, మనసులోంచి మాట్లాడింది. "వంతెన కింద ఉన్నవాళ్లకి చూసే దిక్కు లేదు. అది మాకు తెలుసు" అంది.

ఆ ఒక్క మాట తగిలింది పెద్దమ్మకి. వెనక వరసలోంచి లేచింది.

"దిక్కు లేకపోవడమేంటమ్మా? నేనున్నాను కదా. మా సందుకి ఏ క్లినిక్కూ అక్కర్లేదు. లేనివాళ్లకి పెట్టండి."

సందు వాళ్లు చప్పట్లు కొట్టారు. బూట్లక్క లేచి నిలబడి మరీ కొట్టింది. అధికారిణి మొహమాటంగా నవ్వి, "మీరు రిటైరయ్యాక?" అని అడిగింది. "అప్పటి సంగతి అప్పుడు" అని పెద్దమ్మ కూర్చుంది. ఇంటికొచ్చే దారిలో ఎంత సంతోషంగా ఉందో! ఆ సంతోషం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. క్లినిక్ పట్నానికి ఆ చివరనున్న డిపో వెనక్కి వెళ్లిపోయింది.

తర్వాతి వానాకాలం, షెడ్డు మెట్ల మీద సబ్బు నీళ్లకి కాలు జారి పెద్దమ్మ తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయ్యాక ఇంటికి తెచ్చి మంచం మీద పడుకోబెట్టాం. సందు వాళ్లు వంతులు వేసుకుని చూడటానికి వచ్చేవారు. వాళ్ల మధ్య గొంతు పెంచి అందరికీ జాగ్రత్తలు చెబుతూనే ఉండేది. సెంటర్‌కి వెళ్లండి అని మాత్రం అనలేదు. "నేను లేచి వస్తాగా, ఈలోపు నీళ్లలో ఎక్కువ నిలబడకండి" అనేది. నీళ్లలో నిలబడటమే వాళ్ల ఉద్యోగం.

బూట్లక్క ఒక సాయంత్రం పని మీంచి నేరుగా వచ్చింది. మంచం పక్క కుర్చీలో కూర్చుని కాళ్లు మంచం కిందికి ముడుచుకుంది.

"కాళ్లెలా ఉన్నాయే?" అంది పెద్దమ్మ.

"నా కాళ్లకేం, రాళ్లలా ఉన్నాయి. ముందు నువ్వు లే."

గదిలో ఏదో వాసన వచ్చింది. తడిసిన రబ్బరు అనుకుని నేను కిటికీ తెరిచాను. పెద్దమ్మ మందుల మత్తులో ఉంది. అయినా జీవితమంతా పుళ్లు కడిగిన మనిషి. "ఆ వాసన నాకు తెలియనిదా? ఆ బూట్లు విప్పవే అని ఒక్క మాట అనలేకపోయానే" అని తర్వాత ఎన్నిసార్లు అనుకుందో లెక్కలేదు.

ఆమె వాకర్ పట్టుకుని నడవడం మొదలుపెట్టిన రోజుల్లోనే కబురొచ్చింది. బూట్లక్క తొట్టి దగ్గర కళ్లు తిరిగి పడిపోతే పెద్దాస్పత్రికి తీసుకెళ్లారు. ఎడమ కాలు మోకాలి కింది నుంచి తీసేశారు.

వద్దన్నా వినకుండా బయల్దేరింది పెద్దమ్మ. నేను రెక్క పట్టుకుని తీసుకెళ్లాను. వార్డులో ఆ మంచం దగ్గర ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దుప్పటి కింద ఒక పక్క చదునుగా ఉంది.

"పుండు పడితే సెంటర్‌కి వెళ్లకపోయావా? మధ్యాహ్నం ఒక్క పూట మానేస్తే ఏమయ్యేది?" అంది పెద్దమ్మ.

"పూట మానేద్దామనే అనుకున్నా. మేస్త్రీ కూడా పొమ్మన్నాడు." బూట్లక్క నెమ్మదిగా చెప్పింది. "నువ్వు మంచంలో పడి ఉంటే ఇంకొకళ్ల చేత కట్టు కట్టించుకోమంటావా? నీ మనసుకి ఎలా ఉంటుంది? నువ్వు లేచాక నీకే చూపిద్దామని ఆగాను."

నిష్ఠూరం కాదది. ప్రేమగా చెప్పింది, నీ కోసం ఎంత ఆగానో చూడు అన్నట్టు. పెద్దమ్మ ఆ దుప్పటి అంచు సరిచేసింది. ఇంటికొచ్చి మంచం మీద కూర్చుని, "ఆ కాలు షుగర్ తియ్యలేదే, నేను తీశాను" అంది. కాదని సర్దిచెబుదామనుకున్నాను. వాకర్ తీసి గోడకి ఆనించాను.

ఆ తర్వాత ఆమె చేసిందల్లా ఆరోగ్య శాఖ ఆఫీసు చుట్టూ తిరగడం. ఒకప్పుడు ఎవరి గుమ్మంలోనూ నిలబడని మనిషి, చేతికర్రతో అక్కడి బల్ల మీద గంటలు గంటలు కూర్చునేది. ఆ అధికారిణి ఎగతాళి చెయ్యలేదు. "అప్పుడు మీరే వద్దన్నారమ్మా. డిపో వెనక క్లినిక్ నిండిపోతోంది, దాన్ని తీసెయ్యలేను. మళ్లీ నిధులు వచ్చినప్పుడు మీ సందే మొదటిది" అంది. పెద్దమ్మ రిటైరైంది. అధికారిణికి బదిలీ అయింది. కొత్తగా వచ్చినాయనకి మొత్తం కథ మొదటి నుంచి చెప్పుకుంది, తను చేసిన తప్పుతో సహా. సందులో ఇంకో ఇద్దరి వేళ్లు పోయాక, షెడ్ల పక్కన ఖాళీగా ఉన్న స్టోర్ రూముకి సున్నం వేసి సాయంత్రం క్లినిక్ తెరిచారు.

తెరిచారు గాని ఎవరూ వెళ్లలేదు. సందులో డాక్టరు కూర్చుని ఉంటే, వాళ్లు పని దిగి వంతెనెక్కి మా ఇంటికి వచ్చేవారు. పెద్దమ్మ వాళ్లని వెంటబెట్టుకుని మళ్లీ క్లినిక్‌కి తీసుకెళ్లేది. డాక్టరు ఎక్కడ నొప్పి అని అడిగితే వాళ్లు పెద్దమ్మ వైపు తిరిగి చెప్పేవారు. మందు రాసిస్తే "ఏమంటావు నర్సమ్మా?" అని ఆమె తలూపే దాకా చీటీ అందుకునేవారు కాదు. అక్కడ ఒక చిన్న వయసు నర్సు ఉండేది. ఒక రోజు పెద్దమ్మని పక్కకి పిలిచి, చేతులు పట్టుకుని, "అమ్మా, ఏమీ అనుకోకండి. మీరు ఇక్కడున్నంతసేపూ వీళ్లు నా మొహం కూడా చూడరు" అంది.

పాత పెద్దమ్మ అయితే ఆ పిల్ల పని పట్టేది. ఆ రోజు మాత్రం "నిజమేనమ్మా" అని వచ్చేసింది. మళ్లీ సందులోకి వెళ్లలేదు. ఇంటికొచ్చిన వాళ్లని గుమ్మంలోంచే పంపించేసింది. నర్సమ్మకి పింఛను వచ్చేసరికి కళ్లు నెత్తికెక్కాయని ఒకరిద్దరు నాకు వినబడేలా అన్నారు. ఒక్కొక్కరే, వేరే దారి లేక, స్టోర్ రూముకి వెళ్లడం మొదలుపెట్టారు. మా ఇంటికి రాకుండా ఉండలేకపోయింది బూట్లక్క ఒక్కతే.

ఆ సాయంత్రం తలుపు నేనే తీశాను. చంకలో కర్రతో వంతెనెక్కి దిగి, మా మెట్లన్నీ ఎక్కి, చెమటలు కక్కుతూ నిలబడి ఉంది.

"మీ పెద్దమ్మని పిలువు. మిగిలిన ఈ కాలికి చిన్న పొక్కు వచ్చింది. ఒక్కసారి చూస్తే చాలు."

పెద్దమ్మ లోపలి గది గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. కిందికి చూడలేదు.

"సందులో క్లినిక్ ఉంది. అక్కడికి వెళ్లు."

"నువ్వు చూసి చెప్తే వెళ్తాను."

"నేను చూడను."

బూట్లక్క ముఖం చిన్నబోయింది. "నా మీద అలిగావా? నేనేం చేశాను? ఇన్నేళ్లలో నీకు చెప్పకుండా ఎక్కడికైనా వెళ్లానా?"

పెద్దమ్మ గోడ పట్టుకుంది. "తలుపెయ్యవే" అంది నాతో.

వేశాను. ఎలా వేశానో నాకే తెలియదు. మెట్ల మీద కర్ర చప్పుడు ఆగే దాకా ఇద్దరం అక్కడే నిలబడ్డాం. చప్పుడు ఆగగానే, "వెనకాలే వెళ్లు. కనబడకు. లోపలికి వెళ్లిందో లేదో చూసి రా" అంది.

వెళ్లాను. సందులో వాళ్లింటి ముందు చాలాసేపు నిలబడింది బూట్లక్క. కళ్లు తుడుచుకుంది. తర్వాత స్టోర్ రూము వైపు తిరిగింది. కిటికీలోంచి చూస్తే, ఆ చిన్న నర్సు కింద కూర్చుని ఆ పాదాన్ని ఒళ్లోకి తీసుకుంటోంది.

వచ్చి చెప్పాను. పెద్దమ్మ విని, "ఏ వేలు?" అని అడిగింది.

"చిటికెన వేలు."

తలూపింది. ఆ రాత్రి ఏమీ తినలేదు.

పొక్కు మానిపోయింది. ఇప్పుడు నెలనెలా అక్కడే చూపించుకుంటోందట, మందులు సరిగ్గా వేసుకుంటోందట, ఆ కాలు బాగుందట. ఈ కబుర్లన్నీ మెకానిక్ చెబుతాడు. బూట్లక్క మాత్రం మా ఇంటికి మళ్లీ రాలేదు. మార్కెట్లో ఎదురుపడితే ముఖం తిప్పుకుని వెళ్లిపోయింది. నేను ఉండబట్టలేక ఒకరోజు అన్నాను, "నేను వెళ్లి అసలు సంగతి చెప్పేస్తాను పెద్దమ్మా. నువ్వు ఎందుకలా చేశావో తెలిస్తే ఆవిడ పరిగెత్తుకొస్తుంది."

"అందుకే చెప్పకు" అంది పెద్దమ్మ. "తెలిస్తే మళ్లీ నా దగ్గరికే వస్తుంది."