పర్సిస్ వెనక్కి తెచ్చిన రోజు

మే నెల వచ్చిందంటే మా హెర్న్‌డన్ తెలుగు చర్చిలో పర్సిస్ కోసం ప్రార్థన ఉంటుంది. పాస్టర్ షాలేం రాజు గారు ఆమెను ముందుకు పిలిచి, "మన సహోదరి మళ్ళీ మంచులోకి వెళ్తోంది" అంటారు. ఆమె సిగ్గుపడుతూ తల వంచుకుని నిలబడుతుంది.

ఆమె వెళ్ళేది గ్రీన్‌ల్యాండ్‌కి. అక్కడ కనుచూపు మేరా మంచు తప్ప ఏమీ లేని చోట్ల కొన్ని వాతావరణ కేంద్రాలున్నాయి. కేంద్రమంటే భవనం కాదు, మనుషులూ ఉండరు. మంచులో పాతిన ఒక లోహపు స్తంభం, దానికి చేతుల్లా బిగించిన పరికరాలు, ఒక సోలార్ ప్యానెల్, కింద పెట్టెలో బ్యాటరీలు, అంతే. చలి ఎంత, గాలి ఎటు, మంచు ఎంత పడింది అన్నవి గంటగంటకీ శాటిలైట్ ద్వారా పంపుతుంటాయి. పడిన మంచు పడినట్టే పేరుకుపోవడంతో ఏడాది తిరిగేసరికి స్తంభం చాలా వరకు మునిగిపోతుంది. దాన్ని తవ్వి పైకెత్తి, పాడైనవి మార్చి, మళ్ళీ నిలబెట్టి రావడం పర్సిస్ ఉద్యోగం.

ఒకసారి చర్చి భోజనాల దగ్గర వసంతకుమారి ఆంటీ అడిగేశారు. "అక్కడ మనుషులే లేరంటున్నావు. మరి ఆ చలీ గాలీ కొలిచేది ఎవరికమ్మా?"

"అక్కడ కరిగిందంతా సముద్రంలోకే వస్తుంది ఆంటీ. మీ నిజాంపట్నం ఉన్నది సముద్రం పక్కనే కదా."

ఆంటీ పర్సిస్ ప్లేట్‌లో ఇంకో చేపముక్క వేశారు.

పర్సిస్‌ది బాపట్ల. ఇన్‌స్ట్రుమెంటేషన్ చదివింది. అందరిలాగే హెచ్-వన్-బీ వీసా మీద వచ్చి, ఇక్కడి ఆఫీసుల్లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసింది. ఒక ప్రాజెక్టులో భాగంగా ఈ మంచు కేంద్రాలు పంపే రీడింగులను పరీక్షించాల్సి వచ్చింది. మిగతావాళ్ళు ఆ పని ముగించి ఇంకోదానికి వెళ్ళిపోయారు. ఈవిడ మాత్రం, ఆ అంకెలు పంపుతున్న వస్తువును చేత్తో పట్టుకుని చూడాలనుకుంది. గ్రీన్ కార్డు చేతికొచ్చిన ఏడాదే ఆ కేంద్రాలను నడిపే పరిశోధన సంస్థలో చేరిపోయింది. "పిచ్చా నీకు?" అని ఆమె భర్త సుందర్ రాజ్ అడిగాడట. అడిగినవాడే తర్వాత ఆమెకు మంచుబూట్లు కొనడానికి వెంట తిరిగాడు.

ఇలా పదేళ్ళు దాటాక ఒక జూలైలో ఈ సంగతి జరిగింది. మంచుపొర నడినెత్తిన, ఎండాకాలంలో కూడా గడ్డకట్టే చలి ఉండే చోట ఒక కేంద్రం ఉంది. ఒకరోజు మధ్యాహ్నం అక్కడి ఉష్ణోగ్రత సున్నా దాటినట్టు రీడింగులు వచ్చాయి. సాయంత్రానికి మళ్ళీ మామూలుగా దిగిపోయింది.

రీడింగులను సరిచూసే ప్రోగ్రాం రాసేది జితేందర్. కరీంనగర్ అబ్బాయి, ఆమె పక్క సీటే. "అక్కా, ఇది చూడు. మంచు కరిగే వేడి చూపిస్తుంది. నిజమేనంటవా?"

పర్సిస్ వివరాలన్నీ తెరిచి చూసింది. ఉష్ణోగ్రత కొలిచే పరికరం ఒక తెల్లటి గొట్టంలో ఉంటుంది. ఎండకి ఆ గొట్టం వేడెక్కి పరికరాన్ని మోసం చేయకుండా, ఒక చిన్న ఫ్యాన్ లోపలికి గాలి లాగుతుంటుంది. ఆ ఫ్యాన్ ఆగిపోయినట్టు కొన్నాళ్ళుగా సంకేతం వస్తోంది. పైగా ఆ రోజు అక్కడ గాలి లేదు, ఎండ బాగా కాసింది.

"ఫ్యాన్ పోయింది జితేందర్. ఆ వేడి గొట్టానిది, గాలిది కాదు. తప్పుడు రీడింగని మార్క్ చెయ్."

జితేందర్ మార్క్ చేశాడు. అలా మార్క్ చేసినవాటిని ప్రోగ్రాం తనంతట తానే బయటికిచ్చే రికార్డులోంచి తీసేస్తుంది. ఆ కేంద్రం రికార్డు వాడుకునే పరిశోధకులకు ఆ మధ్యాహ్నం కనిపించలేదు.

మరుసటి మేలో పర్సిస్ ఆ కేంద్రానికే వెళ్ళింది. ఈసారి జితేందర్ కూడా వచ్చాడు. ఇన్నేళ్ళు కంప్యూటర్‌లో చూసినదాన్ని ఒక్కసారి కళ్ళారా చూడాలని అతని కోరిక. అడుగున మంచు మీద జారే స్కీలు బిగించిన చిన్న విమానం వాళ్ళను దింపి వెళ్ళిపోయింది. టెంట్ వేసుకుని, స్తంభం మొదట్లో తవ్వడం మొదలుపెట్టారు.

పొడి మంచు పంచదారలా పారకి తేలిగ్గా వస్తోంది. నడుం లోతు దాటాక పార దేనికో తగిలి ఠక్కుమంది.

"పెట్టె దొరికింది అక్కా."

"పెట్టె ఇంకా కిందుంటుంది. ఆగు."

పర్సిస్ గుంటలోకి దిగి, చేతి బ్రష్‌తో ఆ చోటంతా మెల్లగా తుడిచింది. తెల్లటి మంచు గోడలో, అడ్డంగా, వేలెడు మందాన గాజులా మెరిసే ఐసుగడ్డ పొర కనిపించింది. దాని కింద నుంచి సన్నటి గడ్డ పోగులు వేళ్ళలా దిగి ఉన్నాయి. నీళ్ళు కిందికి ఇంకుతూ గడ్డకడితే తప్ప అలాంటివి ఏర్పడవు. మంచు ఎత్తు కొలిచే పరికరం లెక్కతో ఆ లోతును పోల్చి చూసింది. పోయిన జూలై నాటి పొర అదే.

ఆమె గుంటలోంచి పైకి వచ్చింది. తర్వాత స్తంభం దగ్గరికి వెళ్ళి తెల్లటి గొట్టం విప్పింది. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. అది తిరుగుతోందని సంకేతం పంపే తీగ ఒక్కటే ఊడిపోయింది.

"ఆ రోజు నిజంగానే కరిగింది జితేందర్" అంది.

ఆ సాయంత్రం గాలి లేచింది. టెంట్ బయట చెయ్యి చాపితే చెయ్యి కనిపించదు. లోపల స్టవ్ మీద మంచు కరిగించి టీ పెట్టుకున్నారు. జితేందర్ నెమ్మదిగా అన్నాడు, "ఒక్క మధ్యాహ్నమే కద అక్కా. ఇంటికి పోయినంక డేటాబేస్‌ల సప్పుడు చెయ్యకుండ సరిచేస్త. ఎవ్వరికి తెల్వది."

"వాడుకున్నవాళ్ళకి తెలియాలి కదా. నా మాట మీద వాళ్ళు లెక్కలు కట్టుకున్నారు."

"నీ తప్పేముంది? సిగ్నల్ అట్లున్నది."

"అనుమానపడటం తప్పు కాదులే. కానీ రీడింగ్‌ని తీసేయనిచ్చాను, చూడు. ఉంచి, పక్కన అనుమానం రాసుంటే సరిపోయేది."

గాలి తగ్గాక వాళ్ళు ఆ గోడను ఫొటోలు తీసి, గడ్డ ముక్కలు కోసి డబ్బాల్లో పెట్టి, స్తంభాన్ని పైకెత్తి మళ్ళీ నిలబెట్టి వచ్చారు. ఆఫీస్‌కి రాగానే, ఆ రికార్డు తీసుకున్న ప్రతి ఒక్కరికీ పర్సిస్ తన పేరుతోనే తెలియజేసింది. ఫలానా రోజు రీడింగులు సరైనవేననీ, తప్పని నిర్ణయించింది తనేననీ, ఆధారం ఇదీ అని. ఒక ప్రొఫెసర్ ఫోన్ చేసి, అచ్చుకు సిద్ధమైన పరిశోధన పేపర్‌ను మళ్ళీ మొదలుపెట్టాలా అని విసుక్కున్నాడు. ఆమె ఓపిగ్గా విని, ఆయన లెక్కలు తిరిగి చేయడానికి కావలసినవన్నీ తనే కూర్చుని సిద్ధం చేసి పంపింది. చివరికి ఆయన తన పేపర్‌లో ఆ గడ్డ ఫొటో వేసుకున్నాడు. ఇప్పుడు ఆ సంస్థలో ఏ రీడింగ్‌నీ తీసేయరు. అనుమానం ఉంటే, ఎందుకో, అనుమానించింది ఎవరో పక్కనే రాస్తారు. అలా రాసిన మొదటి పేరు పర్సిస్‌దే.

"రీడింగులు తీసేయకూడదన్న నీ మాటే నెగ్గింది, సంతోషమేగా?" అని సుందర్ రాజ్ అడిగితే ఆమె తల అడ్డంగా ఊపిందట. "నేను పొరపాటుపడ్డానని తేలడం బాధే. కానీ అక్కడ కరిగింది చూడండి, ఆ కరగడమే అబద్ధమై ఉంటే బావుండేదనిపించింది."

ఆమెకు ఇప్పుడు మోకాళ్ళ నొప్పి. ఆఫీస్‌లో కూర్చుని అన్ని కేంద్రాలనూ పర్యవేక్షించే పోస్టు ఇస్తామన్నారు. ఇంకో రెండు మూడేళ్ళు ఆగమంది. ఈ మేలో కూడా సుందర్ రాజ్ ఆమెను ఇంటికి దగ్గర్లోనే ఉన్న డల్లస్ ఎయిర్‌పోర్ట్‌లో దింపి వచ్చాడు. తన ఆఫీస్‌లో మీటింగుల మధ్య ఫోన్‌లో, ఆమె వెళ్ళిన కేంద్రం రీడింగులు కనిపించే పేజీ తెరిచి చూసుకుంటూ ఉన్నాడు. నాలుగైదు రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం అంకెలు రావడం ఆగిపోయింది. బ్యాటరీ మార్చడానికి ఆమె తీగ విప్పిందన్నమాట. అతను భోజనానికి లేవకుండా అలాగే కూర్చున్నాడు. గంట దాటాక కొత్త అంకెలు వచ్చాయి. తూర్పు గాలి, గట్టి చలి. అప్పుడు లేచి క్యారేజీ తెరిచాడు.