మందుల మాట దాచిన సాక్ష్యం

ఒక అబద్ధాన్ని ఏళ్ల తరబడి మోస్తున్నాను. చాలా చిన్న అబద్ధం. చెప్పడానికి ఒక్క ఊపిరి చాలింది. నా పేరు మీకు చెప్పలేను, చెబితే ఈ మాత్రం కూడా రాయలేను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీతో చెప్పుకుంటున్నాను.

తొంభైల్లో నేను స్టీల్ ప్లాంటులో పనిచేసేవాణ్ణి. కూర్మన్నపాలెంలో అద్దెకుండేవాళ్లం. మా రెండో బిడ్డ పురిట్లోనే పోయింది. ఆ తర్వాత నా భార్య కరుణ వంట చేసినా, పెద్దదానికి జడ వేసినా, ఎవరో వెనకనుంచి చేయిస్తున్నట్టు చేసేది. ఒకరోజు నేను డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పుకుంటుంటే, "నాకు బతకాలని లేదండి" అంది.

అది పాపం, విశ్వాసులం అలా అనకూడదు అన్నాను. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. అది చూసి భయమేసింది. పక్కన కూర్చుని ఈసారి సూటిగా అడిగాను, చచ్చిపోవాలనుకుంటున్నావా అని. తలూపింది. అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

ఆ తర్వాత చేయవలసినవి చేశాను. సెలవు పెట్టాను. ఆమెను ఒంటరిగా వదల్లేదు. నేను లేనప్పుడు మా వదిన వచ్చి ఉండేది. సిటీలో మానసిక వైద్యుడికి చూపించాను. ఆయన మాత్రలు రాశాడు, నెలల తరబడి వాడాలన్నాడు. రోజూ ఆమె పక్కన కూర్చుని బైబిలు వాక్యం చదివేవాణ్ణి. కరుణ మాత్రను అరచేతిలో పెట్టుకుని, "ప్రభువా, దీన్ని దీవించు" అని ప్రార్థన చేసుకుని మింగేది. మెల్లగా తేరుకుంది. ఒకనాడు పులుసులో ఉప్పెక్కువైందంటే నవ్వింది. ఆ నవ్వు కోసం నేను దేవుణ్ణి ఎంత స్తుతించానో! మందు, ప్రార్థన, మనుషుల తోడు, అన్నీ కలిసి ఆమెను నిలబెట్టాయి. ఆ సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు?

అయినా ఆదివారం మందిరంలో, దేవుడు చేసిన మేలు గురించి అందరి ముందూ సాక్ష్యం చెప్పమన్నప్పుడు, మందుల మాట ఎత్తలేదు. నా భార్యను పిచ్చిదంటారని భయం. అది మాత్రమేనా? కాదు. ప్రార్థనతోనే బాగుపడిందన్నప్పుడు మందిరమంతా ఒక్కసారిగా "హల్లెలూయా" అంది. ఆ కేక నాకు తీయగా ఉంది. ఆడవాళ్ల వరసలో కరుణ తల దించుకుంది. ఇంటికొచ్చాక, "మందుల సంగతి ఎందుకు సెప్పలేదండీ?" అంది. తర్వాతెప్పుడైనా చెబుతాలే అన్నాను. అప్పట్నుంచి సంఘంవాళ్లెవరైనా మా ఇంటికొస్తే ఆమె మాత్రల డబ్బా బియ్యం డ్రమ్ము వెనక్కి తోసేసేది. నా మాట నిలబెట్టడానికి ఆమె దాక్కోవలసి వచ్చింది. మా ఇంట్లో మేమే దొంగల్లా బతికాం.

సాక్ష్యం నోటా నోటా పాకింది. అలా విని వచ్చింది అప్పాయమ్మ. జాలరిపేటలో చేపలమ్మే మనిషి. గంగమ్మకు మొక్కే ఇల్లు వాళ్లది, కానీ కొడుకు కోసం ఏ గుమ్మమైనా ఎక్కేది. వేటకెళ్లిన పడవ బోల్తాపడి చిన్నకొడుకు పోయాడు. అదే పడవలో ఉన్న పెద్దకొడుకు ధనరాజు బతికి బయటపడ్డాడు. ఆనాటి నుంచి సముద్రం వైపు చూడటం మానేశాడు, తానూ చచ్చిపోతానంటున్నాడు. అతనికి ఆమె ప్రభుత్వాసుపత్రి మందులు వాడిస్తోంది.

ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర నన్ను ఆపింది. చుట్టూ మా సంఘంవాళ్లు నిలబడి ఉన్నారు.

"మీ ఆవిడికి మందులేటీ ఎయ్యలేదా బాబూ? ఒట్టి పేర్దనకే తగ్గిపోనాదా?"

ఒక్క క్షణం. ఆమెను పక్కకు పిలిచి చెప్పవచ్చు. లేదమ్మా, మందులు కూడా వాడాం, ఇంకా వాడుతోంది అనవచ్చు. నేనేం పోగొట్టుకునేవాణ్ణి?

"ప్రార్థనతోనేనమ్మా" అన్నాను.

"అయితే నానూ మానిపించెత్తాను. ఆ మాత్రలేసుకుంటే ఆడు మొద్దులాగ పడుంతన్నాడు."

వద్దని అనలేదు. ఆమె నాకు దండం పెట్టి, బస్సు కోసం వెళ్లిపోయింది.

ఆ వర్షాకాలం వెళ్లకముందే ధనరాజు ప్రాణం తీసుకున్నాడు.

మందులు మానకపోయి ఉంటే బతికేవాడా? తెలియదు. ఈ ప్రశ్నలో ఎన్నోసార్లు దాక్కోవాలని చూశాను. కానీ నేను చెప్పింది అబద్ధమని మాత్రం తెలుసు. దాన్ని ఒక తల్లి నమ్మిందని తెలుసు.

తర్వాత అప్పాయమ్మ మందిరానికి ఒక్కసారే వచ్చింది. నన్ను నిందిస్తుందనుకున్నాను. నిందించి ఉంటే బావుండేది. నా చెయ్యి పట్టుకుని, "నా ఇస్వాసం సాల్లేదేమో బాబూ" అంది. అప్పుడు కూడా చెప్పలేదు. ఓదార్పు మాటలేవో చెప్పాను. ఏం చెప్పానో గుర్తులేదు, గుర్తుంటే సిగ్గుతో చచ్చేవాణ్ణేమో.

నన్నెవరూ బలవంతపెట్టలేదు. మా పాస్టరుగారే ఒక ప్రసంగంలో, మందు కూడా దేవుడిచ్చిందే, వైద్యుడి దగ్గరకు వెళ్లడం అవిశ్వాసం కాదన్నారు. వెనక బెంచీలో తల వంచుకుని విన్నాను. లేచి నిలబడితే సరిపోయేది. కానీ సాక్ష్యం తప్పని చెబితే ధనరాజు సంగతీ చెప్పాలి. ఒక తలుపు తీస్తే రెండోది దానంతటదే తెరుచుకుంటుంది. అందుకే రెండూ మూసి మధ్యలో ఉండిపోయాను. ఏటేటా నా సాక్ష్యం అడిగేవారు. ఏటేటా చెప్పేవాణ్ణి.

రెండువేల సంవత్సరం తర్వాత ఎప్పుడో, కరుణే నన్ను జాలరిపేటకు పంపింది. ఆమెకు అంతా చెప్పేశాను. "నాతో కాదు, ఆ తల్లితో సెప్పండి" అంది. వెళ్లాను. వాళ్ల వీధిలో వలలు బాగుచేసుకుంటున్న ఒకామెను అడిగితే, అప్పాయమ్మ కిందటేడే పోయిందని చెప్పింది.

అది వినగానే నాకు మొదట కలిగింది దుఃఖం కాదు. తెరిపి. ఇక చెప్పనక్కర్లేదన్న తెరిపి. అది కూడా రాస్తున్నాను, దాచకుండా.

దేవుడు నన్ను క్షమించాడని అనుకోమంటుంది కరుణ. క్షమించే ఉండవచ్చు. ధనరాజు గురించి ఆయన నన్నేమీ అడగడని మాత్రం నమ్మలేకపోతున్నాను. మిమ్మల్ని క్షమించమని అడగను. అప్పాయమ్మకు చెప్పవలసిన మాట మీకు చెబుతున్నాను, అంతే.

నీ విశ్వాసం చాలకపోవడం కాదమ్మా. నా భార్య మందులు వేసుకుంది. నేను అబద్ధం చెప్పాను.