సత్యమ్మ పొట్టి కుర్చీ

ఇంగ్లండులోని వాట్‌ఫర్డ్‌లో సత్యమ్మ ఇంట్లో ఆరుగురు కూర్చునే డైనింగ్ టేబుల్ ఉంది. దాని మీద ఉతికిన బట్టలుంటాయి, ఉల్లిగడ్డల సంచి ఉంటుంది, మొగుడు హన్మంతు కంచం మాత్రం ఉండదు. రిటైరయ్యేదాకా కౌన్సిల్ ఆఫీసులో కుర్చీ దిగని ఆ మహానుభావుడికి ఇంట్లో మాత్రం చాప మీద కూర్చుంటే తప్ప ముద్ద దిగదు.

కాపురం కొత్తలో ఇద్దరూ ఎదురెదురుగా ఆ చాప మీదే తినేవాళ్లు. తర్వాత సత్యమ్మ మోకాళ్లు అరిగిపోయాయి. ఇక నేల మీద కూర్చోవద్దని డాక్టరు గట్టిగా చెప్పింది. ఆమె సోఫా ఎక్కింది, ఆయన చాప వదల్లేదు. అప్పటినుంచి భోజనాల వేళ ఆమెకు కనిపించేది మొగుడి బట్టతలే. కూరలో ఉప్పు సరిపోయిందా అని ఆ బట్టతలనే అడగాలి. ఈ సంగతి నలుగురికీ నవ్వుతూ చెప్పేది గానీ, ఎదురుగా ఆ ముఖం చూస్తూ తినాలని ఆమె ప్రాణం కొట్టుకునేది.

ఆమె ఒక పాత ఫర్నిచర్ షాపులో దుమ్ము తుడిచి పాలిష్ పెట్టేది. ఒకరోజు అక్కడికి జపాన్ కుర్చీ ఒకటి వచ్చింది. జానెడున్నర ఎత్తు, వంచిన పలుచని చెక్క, గడ్డిచాప నొక్కుకుపోకుండా కాళ్ల కింద వెడల్పు పట్టీలు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అక్కడి ఇళ్లలోకి కుర్చీలొచ్చినా, కింద కూర్చునేవాళ్లు కిందే ఉన్నారట. కుర్చీలో ఉన్నవాళ్ల చూపూ కింద ఉన్నవాళ్ల చూపూ కలవాలనే ఇంత పొట్టిగా చేశారని ఓనరు మార్గరెట్ చెప్పింది. సత్యమ్మ చేతిలో గుడ్డతో అలాగే నిలబడిపోయింది. ఆ రోజునుంచి ఎవరైనా ఆ కుర్చీ ముట్టుకుంటే, కొనేస్తారేమోనని ఆమె పని ఆపి చూసేది.

చెయ్యి ఆనించేచోట చీలిక ఉండడంతో అది అమ్ముడుపోలేదు. సత్యమ్మ పని మానేసిన రోజున మార్గరెట్ దాన్ని బాగుచేయించి ఆమెకే ఇచ్చేసింది.

ఆమె దాన్ని ఇంటికి తెచ్చి చాప ముందు వేసి, అన్నం పెట్టుకొచ్చేలోగా హన్మంతు అందులో కూర్చుని ఉన్నాడు.

"నాకోసమే తెచ్చినవా? మస్తుగుంది," అని మురిసిపోయాడు.

కంచం అందించి సోఫాలో కూర్చుంది. మళ్లీ ఆ బట్టతలే, కాస్త దగ్గరగా.

రెండు ముద్దలు తిని ఆయన తలెత్తాడు. "నువ్వు గూడ కిందికి రారాదే? ముఖం కనబడ్తలేదు."

సత్యమ్మకు ఒళ్లు మండింది. "ఇన్నేండ్లకు యాదికొచ్చిందా? లే! అది నేను కూసునేటందుకు తెచ్చుకున్న. నువ్వు చాప మీద కూసో."

ఆయన దిగి చాప మీదికి జరిగాడు. ఆమె చేతులానించి మెల్లగా కూర్చుంది. ఎదురుగా ఆయన ముఖం. కనుబొమ్మలు తెల్లబడ్డాయి. బుగ్గలు లోపలికి పోయాయి. ముద్ద ఒక పక్క బుగ్గలోనే కదులుతోంది. ఆమె చేతిలో ముద్ద కంచంలో పెట్టేసింది.

"ఎప్పటిసంది ఒక్క దిక్కే నములుతున్నవయ్యా?"

"శాన దినాలాయె," అన్నాడు హన్మంతు.