ఎవరికీ ఏమీ బాకీ లేను

ఆదివారాలు మహబూబాబాద్‌లో రైలెక్కి జనగామ వెళ్తాను. అక్కడ ఒక మిత్రుడి ట్యుటోరియల్ గదిలో, దుకాణాల్లోనూ ఆఫీసుల్లోనూ చిన్న పనులు చేసుకునేవాళ్ళకు ఇంగ్లిషులో మాట్లాడటం నేర్పుతాను. ఫీజు తీసుకోను. దాన్ని సేవ అనుకోవద్దు. ఆదివారం ఇంట్లో ఉంటే వినిపించేది నా గొంతు ఒక్కటే, అదీ టీవీలో రాశిఫలాలు చెప్పేవాణ్ణి తిట్టడానికి.

ఆ వారం పాఠం 'ఓ' (owe) అనే క్రియ. ఒకరికి మనం తిరిగి ఇవ్వవలసింది ఉందని చెప్పడానికి ఇంగ్లిషువాళ్ళు రోజూ వాడే మాట. పుస్తకంలో ఉదాహరణలన్నీ డబ్బు గురించే ఉన్నాయి. డబ్బు ఊసు లేకుండా తలా ఒక వాక్యం చెప్పమన్నాను.

బట్టల షాపులో పనిచేసే అమ్మాయి ముందు లేచింది. తన వదినకు రెండు రోజులు బాకీ ఉన్నానని చెప్పింది. నాట్లప్పుడు వదిన వీళ్ళ పొలానికి వచ్చి బదులు పని చేసి పోయింది. ఈమె షాపులో చేరాక వాళ్ళ పొలానికి పోలేకపోయింది. తర్వాత ఆటో నడిపే అతను లేచి, భార్యకు ఒక జవాబు బాకీ ఉన్నానన్నాడు. పొద్దున ఆమె ఫోన్‌లో ఏదో అడిగితే సిగ్నల్ లేదని పెట్టేశాడట.

"ఇంటికి పోయినంక వడ్డీతోని కడుతవు తియ్యన్నా" అన్నది ఆ అమ్మాయి. గదంతా నవ్వింది.

మీరు కూడా ఒకటి చెప్పండి సార్ అన్నారు. నేను బోర్డు మీద పెద్దక్షరాలతో రాశాను: నేను ఎవరికీ ఏమీ బాకీ లేను. రాసి, కొంచెం గర్వంగానే వాళ్ళ వైపు తిరిగాను. అందరూ పుస్తకాల్లో ఎక్కించుకున్నారు. ఆ అమ్మాయి మాత్రం కలం ఆపి అడిగింది.

"అంటే, మీకు ఎవ్వరు లేరా సార్?"

ఎగతాళి కాదు. వాక్యం అర్థం సరిగ్గా తెలుసుకుందామని అడిగింది. నేను తరువాతి పాఠంలోకి వెళ్ళిపోయాను.

ఆ వాక్యం నేను ఊరికే రాయలేదు. రుణం అనే మాటతో నాది చిన్ననాటి పగ. మా ఊళ్ళో దొర ఇంట్లో ఒక జీతగాడు ఉండేవాడు. ఎండనకా వాననకా చాకిరీ చేసేవాడు. ఎందుకు పోవు అని అడిగితే, పోయిన జన్మలో ఈ ఇంటి తిండి తిన్ననేమో, రుణం తీరాలె గదా అనేవాడు. ఆ ఇంటి గాదెలు నింపింది అతని చేతులే. అయినా బాకీ అతనిదే అయింది! ఏ లెక్కకూ అందని అప్పును మనిషి నెత్తిన పెట్టి, దాన్ని దేవుడి ఖాతాలో రాసిన తెలివికి నేను ఇవాళ్టికీ తలవంచను. హేతువాద సభల్లో అదే చెప్పాను. ఎవరికీ రుణపడకండి, ఎవరినీ రుణపడనివ్వకండి అన్నాను. ఆ రెండో సగాన్ని మా ఆవిడ ఒప్పుకునేది కాదు.

ఆమెది భూపాలపల్లి జిల్లా రేగొండ దగ్గరి పల్లె. ఆ పల్లెలో చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు. చుట్టుపక్కలవాళ్ళు అన్నం వండి తెస్తారు. మా ఆవిడ పెళ్ళయి ఇంత దూరం వచ్చాక కూడా, కబురు అందితే చాలు, గిన్నె నిండా అన్నం పప్పూ కలిపి బస్సెక్కేది. అయితే చావింట్లోకి వచ్చిన గిన్నెను ఆ ఇంటివాళ్ళు తిరిగి పంపరు. పంపితే చావును పంపినట్టేనట. గిన్నె యజమాని ఇంట్లో కష్టం వచ్చిన రోజున, అదే గిన్నెలో అన్నం పెట్టుకుని పోయి ఇస్తారు. స్టీలు గిన్నెకు చావు ఎట్లా అంటుకుంటుందని నేను వాదించేవాణ్ణి. ఆమె నవ్వి, సంతలో ఇంకో గిన్నె కొనుక్కునేది.

ఆమె పోయినప్పుడు దేహాన్ని వైద్య కళాశాలకు ఇచ్చాం. అది ఇద్దరం కలిసి ముందే అనుకున్నది. పాడె లేదు, దినాలు లేవు. ఎవరూ రావద్దు, ఏమీ తేవద్దు అని అందరికీ ఫోన్లు చేయించాను. ఆ పల్లెలో ఒక ముసలామెకు మాత్రం చావు కబురు అందింది గానీ, రావద్దన్న మాట అందలేదు. నేను అత్తా అని పిలుస్తాను. ఆమె భర్త చనిపోయినప్పుడు మా ఆవిడ తీసుకెళ్ళిన గిన్నె ఆమె దగ్గరే ఉండిపోయింది. దాన్నిండా అన్నం పెట్టుకుని మొదటి బస్సుకు బయలుదేరి, వరంగల్‌లో బండి మారి, మహబూబాబాద్‌లో మా ఇంటి ముందు దిగేసరికి తలుపుకు తాళం ఉంది. నేను కళాశాల దగ్గర ఉన్నాను. గడప మీద చాలాసేపు కూర్చుని, ఆ అన్నంతోనే వెనక్కి వెళ్ళిపోయిందని పక్కింటివాళ్ళు చెప్పారు.

అప్పటినుంచి ఆమె ఫోన్లు. వచ్చి ఒక్క పూట తినిపో, అప్పు తీరకుంటే మళ్ళ పుట్టాలె అంటుంది. మళ్ళీ పుట్టడం లేదత్తా అంటాను. "లేకుంటె మరీ మంచిది. గిప్పుడే వచ్చి తినిపో" అంటుంది. ఏదో పని చెప్పి తప్పించుకునేవాణ్ణి.

జనగామ నుంచి తిరిగి వచ్చిన మర్నాడు మళ్ళీ ఫోన్ వచ్చింది. వస్తున్నానన్నాను.

రేగొండలో బస్సు దిగి ఆటోలో వెళ్ళాను. వాకిట్లో ఎండబోసిన మిరపకాయలకు కోళ్ళు తగలకుండా కట్టె పట్టుకుని కూర్చుని ఉంది. చాలా చిక్కిపోయింది. కాళ్ళకు నీళ్ళిచ్చి, లోపల పీట వేసింది. ఆ గిన్నె ముందే పెట్టి ఉంది. మూత మీద చుక్కలు చుక్కలుగా మా ఆవిడ పేరు. అందులోంచి అన్నం, ముద్దపప్పు వడ్డించింది. పచ్చిపులుసు వేరేగా పోసింది. నేను తింటున్నంతసేపూ ఎదురుగా కూర్చుంది. చాలా కాలం తర్వాత, నేను తినడాన్ని ఒక మనిషి చూస్తున్నది.

అయ్యాక గిన్నె తోమి, కొంగుతో తుడిచి, నా సంచిలో పెట్టింది. ఆమె ముఖం తేలికపడింది.

"అయిపోయింది అల్లుడా. తీరిపోయింది. ఇగ నీకు నేను లేను, నాకు నువ్వు లేవు. నిమ్మలంగ పో."

నేను జీవితమంతా సభల్లో కోరుకున్న విడుదల అదే. చెప్పులు వేసుకోబోయి ఆగాను. ఈ గడప దాటితే ఈ పల్లె నుంచి నాకు ఫోన్ చేసేవాళ్ళు ఇక ఉండరు.

వాదించడం తప్ప నాకు వేరే విద్య రాదు. మళ్ళీ లోపలికి వచ్చి కూర్చున్నాను. అప్పుడు నువ్వు తిన్న అన్నం మా ఆవిడ చేతిది కదా అన్నాను. అవునన్నది. ఆమె ఇప్పుడు ఎక్కడా లేదు, ఆమెకు ఎవరూ ఏమీ తీర్చలేరు. ఇవాళ తిన్నది నేను. నా చేతి ముద్ద నువ్వు ఎన్నడూ తినలేదు. మరి బాకీ ఎవరిది?

ఆమె నన్ను తేరిపార చూసింది.

"మాటల్ల నీతోని ఎవలు గెలుస్తరు" అన్నది. తర్వాత, "నీకు వండనొస్తదా?"

"ఉప్మా వస్తుంది."

"చచ్చినంక తెస్తవా, బతికుండంగ తెస్తవా?"

"బతికుండగానే. చచ్చాక తెస్తే నువ్వు తినలేవు కదా."

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు దగ్గులోకి దిగింది. నీళ్ళు అందించాను.

"అయితె జల్ది తే" అన్నది. "దొడ్డు రవ్వతోని చెయ్యి. సన్న రవ్వ నాకు సయించది."

రేగొండలో బస్సు కోసం చాలాసేపు నిలబడ్డాను. ఎక్కాక ఒడిలో సంచి, సంచిలో ఖాళీ గిన్నె, కుదుపు వచ్చినప్పుడల్లా మూత మోగుతూ ఉంది. మహబూబాబాద్‌లో దిగి, ఇంటికి పోయే ముందు కిరాణా కొట్టు దగ్గర ఆగి దొడ్డు రవ్వ అడిగాను.