తూర్పు వైపు ఆకులు

మొన్న జనగామ మార్కెట్‌లో బండి దగ్గర ద్రాక్ష తూయించుకుంటూ, ఒక గుత్తికి అంటుకుని ఉన్న ఆకును నాకు తెలియకుండానే తుంచేశాను. బండాయన వింతగా చూసి, "గా ఆకుకు తూకమెంతొస్తదమ్మా" అన్నాడు. బరువు తగ్గించడానికి తీశాననుకున్నాడు పాపం. నాలుగేళ్ల కిందట ఒక చలికాలమంతా నేను ఇదే పని చేశానని ఆయనకు ఎక్కడ చెప్పను? అదీ మా కాక తోటలో.

కాక అంటే ఏ పండు ముసలాయనో అనుకోకండి. మా నాన్నకు ఆఖరి తమ్ముడు, నాకంటే మూడేళ్లే పెద్ద. భూపాలపల్లి బొగ్గు గనిలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి, రిటైరయ్యాక రఘునాథపల్లి దగ్గర తన భార్యకు, అంటే మా చిన్నమ్మకు, పుట్టింటివారిచ్చిన ఎకరం ఎర్ర చెలకలో వైన్‌కు పనికొచ్చే నల్ల ద్రాక్ష పెట్టాడు. చుట్టూ పత్తి, మధ్యలో ఈయన పాతిన రాళ్లు, లాగిన ఇనుప తీగలు. దారిన పోయేవాళ్లు "వైన్ దుకాణం ఎప్పుడు తెరుస్తున్నవే" అని అడగడం, ఈయన "నీకోసమే ఆగిన" అనడం రోజూ ఉండేదే. కాని మొదటి పంటకు గుత్తి గుత్తికీ బూజు పట్టింది. కొనడానికొచ్చిన కంపెనీ మనిషి ఒక గుత్తి వాసన చూసి, దాన్ని అక్కడే పడేసి జీపెక్కి వెళ్లిపోయాడు. ఆరోజే చిన్నమ్మ తేల్చి చెప్పింది. "ఇంకొక్క పంట చూస్త. గది గూడ గిట్లనే అయితే తీగలు పీకి పత్తి పెట్టుడే." భూమి ఆమెది, ఆ ఇంట్లో ఆఖరి మాట కూడా ఆమెదే. ఆ ఏడాదే నేను బడి ఉద్యోగం నుంచి రిటైరై, పొద్దు గడవక, ఇక ముందర ఏముందిలే అన్నట్టు ఇంట్లో కూర్చుని ఉన్నాను. సాయానికి రమ్మని కాక ఫోన్ చేస్తే రెండు చీరలు సంచిలో పెట్టుకుని వెళ్లాను.

ఉద్యాన శాఖ నుంచి ఒక అమ్మాయి వచ్చి తోటంతా తిరిగింది. ఆమె చెప్పిన రెండు మాటలు భార్యాభర్తలిద్దరికీ చెరొకటి గుచ్చుకున్నాయి. సాళ్ల మధ్య నేలను గీకి నున్నగా ఉంచొద్దు, ఉలవలు చల్లి, ఎదిగాక కోసి అక్కడే పరచమన్నది చిన్నమ్మకు తగిలింది. చేలో గడ్డిపరక కనబడితే అన్నం సయించని మనిషి ఆమె. "చేతగాక ఇడిసిపెట్టిండ్రంటరు" అని సణిగి, చివరికి సగం తోటకే ఒప్పుకుంది. ఉలవలు జానెడు ఎత్తుకు లేచిన రోజుల్లో వాన ఒకటి దంచికొట్టింది. తెల్లారి వెళ్లి చూస్తే, నున్నగా ఉన్న సగంలో నుంచి ఎర్ర నీళ్లు మట్టిని మోసుకుని బాట మీదికి పారుతున్నాయి. ఉలవలున్న సగంలో మాత్రం నీళ్లు ఎక్కడివక్కడ ఇంకిపోయాయి. చిన్నమ్మ కాలి బొటనవేలితో అక్కడి నేలను నొక్కి, "మెత్తగున్నది" అంది. నేల ఆరగానే మిగతా సగంలో తనే ఉలవలు చల్లింది. ఊళ్లో ఎవరైనా అడిగితే గుగ్గిళ్లకని చెప్పమని నాకు నేర్పింది కూడా.

రెండో మాట కాకది. పిందెలు బఠాణీ గింజంత కాగానే గుత్తుల చుట్టూ ఉన్న ఆకులు తీసేయాలట. "ఆకు తీస్తే చెట్టేం తినాలె బిడ్డా?" అన్నాడు కాక. "పైనున్న ఆకు పెడ్తది బాపూ. కింద గుత్తికి గాలి గావాలె, పొద్దుగాలటి ఎండ గావాలె. తూర్పు దిక్కు తీస్తే చాలు" అంది ఆ అమ్మాయి. కాక వినలేదు. ఉద్యోగమంతా పచ్చని ఆకన్నది కనబడని చోట చేసి వచ్చినవాడు, ఒక్క ఆకు రాలినా ఆయన ప్రాణం ఉసూరుమనేది. అలాంటివాడు ఒక పొద్దున మంచులో తీగల మధ్యకు తల దూర్చి, బయటికి తీసి, అలాగే నిలబడిపోయాడు. "గిది గాలి ఆడని జాగ వాసన" అన్నాడు. గనిలో గాలి చేరని పాత దారుల్లో తడి దుంగలకు తెల్లగా బూజు పట్టేదట, ఆ వాసన తగిలితే అడుగు ముందుకు వేసేవారు కాదట. ఇక ఆయన్ను ఆపడం ఎవరి తరం? మధ్యాహ్నానికల్లా మొదటి సాలును రెండు వైపులా బోడి చేసేశాడు. కొద్దిరోజులకే పడమటి వైపు కాయలు మధ్యాహ్నపు ఎండకు కమిలి గోధుమరంగుకు తిరిగాయి. చిన్నమ్మ ఒక గుత్తిని అరచేతిలో పట్టుకుని చూసి, నెమ్మదిగా అంది. "గాలి సంగతి నీకెరుకనే. ఎండ సంగతి నన్నడుగకపోతివి. గనిల ఎండుంటదా?" నాకు నవ్వాగలేదు, కాకకూ ఆగలేదు. మిగతా సాళ్లన్నిటికీ మేం ముగ్గురం వంగి, తూర్పు వైపు ఆకులే, అవీ గుత్తుల దగ్గరివే తుంచాం. నా నడుము పట్టేసింది కాని, ఉద్యోగం వదిలాక మొదటిసారి కడుపు నిండా తిన్నాను.

ఎండలు ముదిరే వేళకు కంపెనీ మనిషి మళ్లీ వచ్చాడు. చిన్నమ్మ దూరంగా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. పీకేద్దామన్న మనిషే, ఆ క్షణాన అందరికంటే ఎక్కువ భయపడింది ఆమె. కంపెనీ మనిషి ఒక కాయ నోట్లో వేసుకుని, గింజను పంటికింద కొరికి చూసి, "మొదటి సాలు వదిలేసి మిగిలింది కోయండి. ఎల్లుండి బండి పంపిస్తా" అన్నాడు. కాక ఉన్నచోటనే నేలమీద కూలబడ్డాడు, కళ్లు తుడుచుకోవాలని కూడా తోచలేదు. జీపు పోయాక చిన్నమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"గీ తీగ ఎన్నేండ్లు కాస్తది?"

"మంచిగ అర్సుకుంటే ఇరవై ఐదేండ్లంట."

ఆమె బావి వైపు తల తిప్పింది. "అయితే బాయి పక్క జాగల గూడ పెడుదాం. వానలు పడంగనే గుంతలు తీయాలె."

అప్పటికి కాకకు అరవై నాలుగు, ఆమెకు అరవై. ఇరవై ఐదేళ్ల మాటను ఇద్దరూ రేపటి పనిలా అంత మామూలుగా మాట్లాడుకుంటుంటే పక్కన కూర్చుని విన్నాను. నా ముందున్న కాలం కూడా చాలానే ఉందని ఆరోజే నాకు మొదటిసారి అనిపించింది.