దబ్బనం దిగని గుమ్మడికాయలు

మా హాల్లో టీవీ పక్కనున్న అరలో ఎనిమిది బట్ట గుమ్మడికాయలు వరుసగా ఉంటాయి. కుట్టింది మాత్రం తొమ్మిది. ఇంటికి వచ్చినవాళ్లు ఒకదాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి ఎక్కడ కొన్నావని అడుగుతారు. కుట్టానంటే చాలామంది నమ్మరు. ఒక్కో గుమ్మడికాయకు గంట పడుతుందని చెబుతాను. వీటికి నెల రోజులు ఎందుకు పట్టిందో ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. పాప నిద్రపోయింది. నుదురు చల్లగానే ఉంది. ఇప్పుడే చూసి వచ్చి రాస్తున్నాను.

వానకాలం మొదట్లో పాపకు జ్వరం వచ్చింది. రెండున్నరేళ్ల పిల్ల. మంచం మీద బొమ్మతో ఆడుతున్నదల్లా ఒక్కసారిగా బిగుసుకుపోయింది. కళ్లు పైకి పోయాయి. పిలిస్తే పలకలేదు. రెండు నిమిషాలు అయి ఉంటుందని మా ఆయన అంటాడు. నాకు ఆ రెండు నిమిషాలు ఇంకా పూర్తి కాలేదు. బండి మీద గద్వాల దవాఖానకు చేరేసరికి పాప కళ్లు తెరిచి నా గాజులు లాగుతోంది.

"జ్వరంతో వచ్చే ఫిట్స్ ఇవి. చాలామంది పిల్లలకు వస్తాయి, పెద్దయ్యేకొద్దీ పోతాయి. జ్వరం రాగానే సిరప్ తాగించండి, ఒళ్లు తడిగుడ్డతో తుడవండి" అని డాక్టరమ్మ చెప్పింది.

నేను వనపర్తిలో బీయస్సీ చదివాను, ఆ తర్వాత బీఎడ్ చేశాను. ఆమె చెప్పిన ప్రతి మాటా అర్థమైంది. అర్థమయ్యాక కూడా బడిలో టీచరు పని మానేశాను. థర్మామీటరు నైటీ జేబులో పెట్టుకుని తిరగడం మొదలుపెట్టాను. వంట మధ్యలో, బట్టలు ఆరేస్తూ, పాప నవ్వుతున్నప్పుడు కూడా చెయ్యి దానంతటదే ఆమె నుదుటి మీదికి పోయేది. ఫోన్లో ఫిట్స్ గురించి వీడియో మీద వీడియో చూసేదాన్ని.

అలా చూస్తుంటే ఒకరోజు మధ్యలో బట్ట గుమ్మడికాయల వీడియో వచ్చింది. ఎక్కడో చలిదేశంలో ఒకావిడ, ఆకులు రాలే కాలం వచ్చిందని గుడ్డతో గుమ్మడికాయలు కుట్టి ఇంటి మెట్ల మీద, కిటికీ దగ్గర అలంకరించుకుంటోంది. ఆమె చేతులు నింపాదిగా కదులుతున్నాయి. చూసినంతసేపూ పాప నుదురు ముట్టుకోలేదని తర్వాత గుర్తొచ్చింది. మనకు ఆ కాలమంటే బతుకమ్మ. తొమ్మిది రోజులూ ఇంటికి వచ్చేపోయే ఆడవాళ్లు ఉంటారు. టీవీ పక్కన అర ఖాళీగా ఉంది. తొమ్మిది కుట్టాలనుకున్నాను.

బట్ట మా వీధి చివర దర్జీ దగ్గర దొరికింది. గద్వాల చీరల జాకెట్లు కుట్టగా మిగిలిన ముక్కలు ఆయన ఒక సంచిలో పడేస్తాడు. ఎరుపు, పసుపు, వంకాయ రంగు, అక్కడక్కడా జరీ అంచు.

"గివన్ని ఏం జేస్తరు మేడం? బొంత కుడ్తరా?"

"గుమ్మడికాయలు కుడతా."

"సంతల దొర్కుతలేవా?" అని ఆయన నవ్వుతూ సంచి మొత్తం నా ముందు బోర్లించాడు.

కుట్టడం కష్టమేమీ కాదు. జానెడు వెడల్పు, రెండు జానల పొడవు గుడ్డ తీసుకుని రెండు కొనలూ కలిపి కుడితే గొట్టంలా అవుతుంది. ఒక అంచు చుట్టూ దారం పోనిచ్చి లాగితే అడుగు మూసుకుంటుంది. కాయ కదలకుండా కూర్చోవడానికి అడుగున రెండు గుప్పెళ్ల జొన్నలు పోసి, పైన దూది కూరాలి. దూదికి కొదవ లేదు. మా అత్తమ్మ ధరూర్ దిక్కు పల్లెలో ఉంటుంది, పోయినేడు పత్తి ఏరే రోజుల్లో ఒక సంచి పంపింది. గింజలు నేనే వలిచాను. పై అంచు కూడా లాగి ముడేస్తే గుండ్రటి బంతి తయారవుతుంది. అది గుమ్మడికాయ అయ్యేది చివరి పనితోనే. గోనె సంచులు కుట్టే పెద్ద సూది, దబ్బనం, దానికి గట్టి దారం ఎక్కించి, కాయ అడుగు నుంచి నట్టనడుమగా పైకి గుచ్చి తీయాలి. దారాన్ని బయటినుంచి కిందికి తెచ్చి మళ్లీ గుచ్చి బిగించాలి. అలా ఎనిమిదిసార్లు చేస్తే ఎనిమిది తొనలు తేలతాయి.

మొదటి ఎర్ర బంతి అడుగున దబ్బనం ఆనించానో లేదో, ఇంటి ఓనరు పెద్దమ్మ మోటారు వేసిన సంగతి చెప్పడానికి మెట్లెక్కి వచ్చింది. ఆమెది రాయచూరు వైపు పుట్టిల్లు. నలభై ఏళ్ల కిందట కోడలుగా వచ్చింది.

"అయ్యయ్యో, ఆగు! ఏం జేస్తున్నవే?"

"గుమ్మడికాయ పెద్దమ్మా. తొనలు తీస్తున్నా."

"మా దిక్కు కుంబళకాయి అంటం. ఆడోళ్లు దానికి ముందుగల కత్తి పెట్టరు. మొగోడు ఒక గాటు పెడ్తె అప్పుడు మనం కోస్కోవాలె. అది ఇంటికి తొలిసూరు బిడ్డ లెక్క. తెల్వదా నీకు?"

"ఇది ఉత్త బట్టనే కదా."

"బట్టదైతేంది? గుమ్మడికాయ అని నువ్వే అంటున్నవు గద. చిన్నపిల్ల ఉన్న ఇల్లు. జర చూస్కో మల్ల."

ఆమె మనసులో చెడు లేదు. పాపను దవాఖానకు తీసుకుపోయిన రోజు మేము తిరిగి వచ్చేదాకా మెట్ల మీదే కూర్చుని ఎదురుచూసిన మనిషి. ఆమె కిందికి దిగిపోయాక నేను నవ్వుకున్నాను. దబ్బనం మళ్లీ ఆనించాను. అది లోపలికి పోలేదు. బట్ట అడ్డుపడలేదు, నా చెయ్యే ఆగిపోయింది. తొలిసూరు బిడ్డ అన్న మాట ఆ ఎర్ర బంతిలోకి ఎలా చొచ్చుకుపోయిందో తెలియదు. దాన్ని పక్కన పెట్టి రెండోది మొదలుపెట్టాను. అదీ బంతి అయ్యేదాకా వచ్చి ఆగింది. అలా పదిహేను రోజుల్లో తొమ్మిది బంతులయ్యాయి.

మా ఆయన కరెంటు సబ్‌స్టేషన్లో పనిచేస్తాడు. డ్యూటీ దిగి వచ్చి అర వైపు చూశాడు. "గివి గుమ్మడికాయలా, చెండ్లా?"

పెద్దమ్మ అన్న మాట చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నా ముఖం చూసి నవ్వలేదు.

"మొగోడు గాటు పెడ్తె అయిపోతది గద? తే ఇటు."

"నీకు కుట్టడం రాదు."

"ఒక్క కుట్టే గద. నాలుగొందల వోల్టులు పట్టుకునేటోనికి దబ్బనం లెక్కనా?"

ఒక పసుపు బంతిని ఒళ్లో పెట్టుకుని, దబ్బనాన్ని స్క్రూడ్రైవరులా పట్టుకుని గుచ్చాడు. అది నడుమ నుంచి పోకుండా పక్క నుంచి బయటికొచ్చి అతని వేలికే దిగింది. పసుపు గుడ్డ మీద చిన్న రక్తపు మరక పడింది. "మొగోడు ముట్టిండు, ఇగ కానీయ్" అని వేలు నోట్లో పెట్టుకుని లేచాడు. మిగిలిన ఏడు తొనలూ నేను తీశాను. చెయ్యి ఆగలేదు. ఎంత తేలికైపోయిందని సంబరపడ్డాను.

ఆ సాయంత్రమే పాప ఒళ్లు వేడెక్కింది. నూరు దాటింది. సిరప్ తాగించాను, తడిగుడ్డతో ఒళ్లంతా తుడిచాను. తర్వాత వంటింట్లోకి పోయి, ఎవరూ చూడకుండా ఆ పసుపు కాయ దారాలు ఎనిమిదీ కత్తెరతో తెంపి లాగేశాను. అది మళ్లీ బంతి అయింది.

గంటలో జ్వరం దిగింది. ఫిట్స్ రాలేదు. దించింది సిరప్పేనని నాకు తెలుసు. కానీ రెండు పనులూ చేశాను కనుక, తెలిసినా ఒప్పుకోని ఒక మూల నాలో మిగిలిపోయింది. మగవాడు ముట్టుకున్నా భయం పోలేదంటే అది ఆచారంలో లేదు, నాలోనే ఉంది. తరగతి గదిలో పిల్లలకు ప్రయోగం అంటే ఏమిటో చెప్పినదాన్ని, వంటింట్లో దొంగలా దారాలు తెంపుతున్నాను. చాలా సిగ్గేసింది. అయినా తిరిగి కుట్టలేదు.

బతుకమ్మకు నాలుగు రోజుల ముందు అత్తమ్మ ఆటోలో వచ్చింది. చంకలో పాదుకు కాసిన ఒక గుమ్మడికాయ, చేతిలో పత్తి సంచి. చెప్పులు విడుస్తూనే అర వైపు చూసింది.

"ఏంది పిల్లా గివి? దిండ్లా?"

"గుమ్మడికాయలు అత్తమ్మా. ఇంకా కాలేదు."

"ఏం తక్కువున్నది?"

అబద్ధం చెప్పబోయి చెప్పలేకపోయాను. పెద్దమ్మ మాట, దబ్బనం, తెంపిన దారాలు, అన్నీ చెప్పేశాను. అయిపోయాక ఆమె కత్తిపీట అడిగి, నేల మీద వేసుకుని, తెచ్చిన గుమ్మడికాయను దాని ముందుకు దొర్లించింది.

"ఆయన వచ్చినాక కోద్దాం అత్తమ్మా" అన్నాను. నా గొంతు నాకే వింతగా వినబడింది.

"మీ మామ, నేను బొంబాయి దిక్కు కాల్వ పనికి పోయినప్పుడు మొగోళ్లు చీకటితోనే పనికి పోతుండ్రి. గుంపుకంత ఒక గుమ్మడికాయ కూర. మొగోడొచ్చి గాటు పెట్టాలంటె నేనెప్పుడు వండాలె, వాళ్లెప్పుడు తినాలె? కొడవలి తోని నేనే కోస్తుంటి." కాయను కత్తి మీద పెట్టి రెండు చేతులతో ఒత్తింది. అది రెండు చెక్కలైంది. "కింది అక్కను ఏమనకు. వాళ్లింట్ల మొగోళ్లు ఎప్పుడు ఇంట్లనే ఉంటరు. వాళ్లకు నడుస్తది."

నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు. గింజలు వేళ్లతో తీసి ప్లేటులో వేస్తోంది.

"నీ మొగుడు నాకు తొలిసూరు కాదు" అంది.

ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. మా ఆయనకు తెలుసో లేదో కూడా తెలియదు.

"ఆడపిల్ల. ఏడాదిన్నర ఉండె. పని కాడనే జ్వరమొచ్చింది. కండ్లు పైకి పోయినయి. అది ఫిట్సో ఏందో నాకేం తెలుసు? దవాఖాన దూరం. మేస్త్రి బండి పొద్దూకినంకగాని రాలే." పీచు గీకి పక్కన పెట్టింది. "ఆ దినం నేను గుమ్మడికాయ కొయ్యలే పిల్లా. ఏం కొయ్యలే. కొయ్యనీకె గుడిసెల ఏం లేకుండె."

ఆమె పక్కన నేల మీద కూర్చున్నాను. ఆమె కాయకున్న తొడిమను జాగ్రత్తగా కోసి నా చేతిలో పెట్టింది. "దీన్ని ఎండబెట్టు. నీ బట్ట కాయకు పెడితే మంచిగుంటది."

అప్పుడే పాప బయట ఆడుకుని వచ్చి నా మోకాలికి ఆనుకుంది. నుదురు వెచ్చగా తగిలింది. నా చెయ్యి జేబులోని థర్మామీటరు కోసం పోయింది. అత్తమ్మ తన అరచేయి పాప మెడ మీద పెట్టి చూసింది.

"ఎండల ఆడింది, అంతే. చూసుడు మానకు, జ్వరముంటె మందియ్యి. గని ఆ గుడ్డకూ, పిల్లకూ ముడి పెట్టకు."

థర్మామీటరు అరలో పెట్టి ఎర్ర బంతిని ఒళ్లోకి తీసుకున్నాను. దబ్బనం అడుగున ఆనించి, కళ్లు మూసుకోకుండా ఒత్తాను. జొన్నల్లో గరగరమంటూ పోయింది. దూది కొంచెం ఎదురొత్తి దారి ఇచ్చింది. మొన పైకి తేలింది. దారం లాగితే బంతి నడుమ లోపలికి గుంటపడింది.

పాప ముందుకు వంగి చూసింది. "బొడ్డు!" అంది. గౌను ఎత్తి తన బొడ్డు చూపించింది. "పాప బొడ్డు!"

అత్తమ్మ పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. రెండో తొన, మూడో తొన. నాలుగో దానికి దారం బిగిస్తుంటే నా చేతికి చెమట పట్టి జారింది. గోడకు తుడుచుకుని మళ్లీ పట్టుకున్నాను. ఎనిమిదోది అయ్యి ముడి వేసి, దారం తెంపాకే లేచి థర్మామీటరు తెచ్చాను. తొంభై ఎనిమిదిన్నర.

మిగిలిన ఎనిమిదింటికీ బతుకమ్మ రోజుల్లో తొనలు తీశాను. కింది పెద్దమ్మ పూలు ఇవ్వడానికి పైకి వచ్చి అర ముందు చాలాసేపు నిలబడింది.

"మొగోడు ముట్టిండా వీటిని?"

"ఒకదాన్ని ముట్టిండు పెద్దమ్మా. అదిగో, ఆ మరక ఉన్నది."

"మొగోళ్ల పని గట్లనే ఉంటది" అంటూ నవ్వి, వంకాయ రంగు దాని తొనలు వేలితో లెక్కపెట్టుకుంటూ పోయింది.

తొమ్మిదో రోజు సద్దుల బతుకమ్మ అయ్యాక, మరునాడు అత్తమ్మ ఊరికి బయలుదేరింది. పోతూ పోతూ, "నాకొకటి ఇయ్యి" అంది. జరీ అంచున్న మంచిదొకటి తీసి ఇవ్వబోయాను. వద్దంది. మొదటి ఎర్రదాన్ని తీసుకుంది. దానికే ఆ ఎండిన తొడిమ అతికించాను.

నేనూ పాపా ఆటోల దాకా వెళ్లాం. ధరూర్ ఆటోలో అప్పటికే ఆరుగురున్నారు. కాయను సంచిలో పెడతానంటే, "నలుగుతది" అని ఒళ్లో పెట్టుకుంది.

"ఓ అవ్వా, అది జర కింద పెట్టు, ఇంకో మనిషికి జాగైతది" అన్నాడు పక్కనున్నాయన.

"ఇది కింద పెట్టేటిది గాదు నాయనా" అని రెండు చేతులూ దాని చుట్టూ వేసి దగ్గరికి తీసుకుంది. ఆటో కదిలింది. గుంతల్లో అది ఎగిరినప్పుడల్లా ఆమె చేతులు ఇంకొంచెం బిగుసుకోవడం మలుపు తిరిగేదాకా కనబడింది.

ఇంటికొచ్చి మెట్లెక్కలేనని పాప మారాం చేస్తే ఎత్తుకున్నాను. చెయ్యి అలవాటుగా నుదుటి మీదికి పోయింది. దాన్ని కిందికి దించి బొడ్డు మీద గిలిగింతలు పెట్టాను.